నెత్తళ్ళు పిల్ల చేపలు కావు

గత నవంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు గుడ్లు పెట్టే జంతువుల గురించి చెబుతుండగా, వెనుక వరుసలో కూర్చున్న ఒక పిల్లవాడు లేచి నిలబడి, "సార్, నెత్తళ్ళు పెద్దగయితే ఏం చేపలవుతాయి సార్?" అని అడిగాడు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల పాఠశాలల్లో నేను జీవశాస్త్రం బోధించడం మొదలుపెట్టి పంతొమ్మిది సంవత్సరాలయింది. ఇన్నేళ్ళలో ఎన్నో ప్రశ్నలు విన్నాను గానీ, నేను పళ్ళు వచ్చినప్పటి నుంచి తింటున్న ఈ చేప గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు, నాకు నేనుగా కూడా ఎన్నడూ ఆలోచించలేదు. ఆ తరగతిలో సముద్రాన్ని చూసిన పిల్లలు ఇద్దరే ఇద్దరు. నెత్తళ్ళు మాత్రం, మాంసం ముట్టని ఇళ్ళవారు తప్ప, తిననివారు లేరు. అవి ఏదో పెద్ద చేపకు పిల్లలనీ, వలలో చిక్కిన పిల్లలను పారేయలేక ఎండబెట్టి అమ్ముతారనీ వారందరి నమ్మకం. నేను వెంటనే "కావు" అనైతే అన్నాను గానీ, కావని పిల్లలకు ఏం చూపించి నమ్మించాలో ఆ క్షణంలో నాకు తెలియలేదు. చూపించదగిన సమాధానం దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో చూసినదీ తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

మా వైపు ఎండు చేపలను ఒట్టి చేపలంటారు. పెన్న ఏటిలో నీళ్ళు పారే రోజులు తక్కువ, చెరువులు నిండే ఏళ్ళు ఇంకా తక్కువ కాబట్టి, మా అవ్వ కాలంలో పచ్చి చేప దొరకడం అరుదైన విషయం. సంతలో గోనెపట్టల మీద కుప్పలు పోసి అమ్మే ఒట్టి చేపలే మాకు తెలిసిన చేపలు. మా అవ్వ నెత్తళ్ళ కుప్ప ముందు కూర్చుని ముందుగా గుప్పెడు తీసుకుని వాసన చూసేది, తరువాత ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని విరిచేది. టక్కున విరిగితే కొనేది, విరగకుండా వంగితే మాట్లాడకుండా లేచి పక్క కుప్ప దగ్గరకు పోయేది. ఇంటికి తెచ్చాక తలలు గిల్లి, ఇసుక దిగేదాకా నాలుగైదు నీళ్ళలో కడిగి, నూనె లేకుండా పెనం మీద వేయించి, ఆ పైన చింతపులుసులో వేసేది. ఒకనాడు వంకాయతో, ఒకనాడు గోగాకుతో, ఏమీ లేనినాడు ఎర్రగడ్డలు, ఎండుమిరపకాయలతోనే పులుసు అయ్యేది. వేడి వేడి రాగి సంగటి ముద్దలో గుంట చేసి ఆ పులుసు పోసుకుని తినేటప్పుడు నేను ముల్లు కోసం వెతుక్కుంటుంటే, "నెత్తళ్ళకు ముల్లు తీసేపని లేదు నాయనా, నమిలి మింగడమే" అనేది. ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో తరువాత చెబుతాను.

ప్రశ్న అడిగిన మరుసటి వారం సంతలో అరకిలో నెత్తళ్ళు కొని, పాత వార్తాపత్రికలు పరిచి, పిల్లలకు నాలుగు భూతద్దాలు ఇచ్చి, ఒక్కొక్క చేపనూ చూసి ఒకేలా ఉన్నవాటిని ఒకచోట పెట్టమన్నాను. తలలు గిల్లని చేపలను అంత దగ్గరగా చూడడం నాకూ అదే మొదటిసారి. నెత్తలి ముక్కు కింది దవడ కంటే ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. నోరు ఎంత పెద్దదంటే, దవడ చీలిక కంటిని దాటి వెనక్కి పోతుంది, అంత చిన్న ముఖానికి అంత నోరు ఉండడం చూసి పిల్లలు ఆశ్చర్యపోయారు. వీపు మీద ఒకే ఒక రెక్క, చీలిన తోక, పక్కటెముకల వెంట తల నుంచి తోక దాకా ఒక వెండి చార. పొట్ట కింద, ముందు రెక్కలకూ పొట్ట రెక్కలకూ మధ్య, సూదిమొనల వంటి ముళ్ళు కొన్ని ఉంటాయి. అవి కంటికి సరిగా ఆనవు, తడి వేలితో వెనుక నుంచి ముందుకు రాస్తే గుచ్చుకుంటాయి. చేపను గుర్తుపట్టడానికి అవి చాలా పనికివస్తాయి. ఎందుకంటే నెత్తళ్ళలో కలిసిపోయే చిన్న కవళ్ళకు, అంటే సార్డిన్ చేపలకు, ఈ ముళ్ళు పొట్ట పొడవునా రంపపు పళ్ళలా ఉంటాయి, నోరు చిన్నగా ఉంటుంది.

మొత్తం వేరుచేయడం పూర్తయ్యాక చూస్తే, ఎక్కువ భాగం నెత్తళ్ళే అయినా, ఒక పెద్ద పిడికెడు మాత్రం వేరే జాతులు తేలాయి. పలుచని వెండి నాణేల వంటి కారలు, దారాల వంటి సన్నని సావళ్ళు, రెండు మూడు చిన్న కవళ్ళు, గోటి పొడవు కూడా లేని రొయ్యలు, కణవ అనే స్క్విడ్ వంటి సముద్రజీవి బుల్లిది ఒకటి. ఇవి చాలావరకు నిజంగానే పిల్లలు. సావడ పెరిగితే మూరను మించి పోతుంది, ఇక్కడున్నది నా చిటికెన వేలంత. అంటే ఆ పిల్లవాడి ప్రశ్నలో సగం న్యాయం ఉంది. నెత్తళ్ళ పేరుతో మనం కొనే పొట్లంలో పెద్ద కావలసిన చేపల పిల్లలు కూడా ఉన్నాయి, అవి ఆ సన్నకంటి వలలో పడకపోయి ఉంటే పెద్దవయ్యేవి. కానీ మిగిలిన ఆ పెద్ద కుప్ప, వేలెడు పొడవున్న ఆ చేపలు, అవి ఇక ఏ చేపా కావు. వాటి ఎదుగుదల అంతే.

వాటి వయసు తెలుసుకునే మార్గం, మనం గిల్లి పారేసే తలలోనే ఉంది. చేప తల లోపల, చెవి ఉండవలసిన చోట, సున్నపు పదార్థంతో తయారైన చిన్న తెల్లని రాళ్ళు ఉంటాయి. అవి చేపకు నీటిలో తూకం నిలుపుకోవడానికీ శబ్దం వినడానికీ తోడ్పడతాయి. నెత్తలిలో ఆ రాయి ఆవగింజ కంటే కొంచెం పెద్దదిగా, పలుచగా ఉంటుంది. నానబెట్టిన తలను గుండుసూదితో జాగ్రత్తగా విప్పితే బయటికి వస్తుంది. చెట్టు మానును అడ్డంగా కోస్తే ఏడాదికొక వలయం కనిపించినట్టే, ఈ రాతిని పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే రోజుకొక వలయం కనిపిస్తుందని 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త చూపించాడు. అప్పటి నుంచి చేపల వయసును ఏళ్ళలోనే గాక రోజులలో కూడా లెక్కించడం సాధ్యమైంది. మన నెత్తళ్ళ జీవితం అలా లెక్కపెట్టవలసినంత చిన్నది. చాలావరకు ఏడాది, మహా అయితే రెండేళ్ళు. ఆ ఏడాదిలోనే పెరగడం, జత కట్టడం, పలుమార్లు గుడ్లు పెట్టడం అన్నీ జరిగిపోవాలి. రోజు వలయాలను చూపించే పరికరం మా పాఠశాలలో లేదు. అయినా పిల్లలు ఆ సాయంత్రం ఇరవైకి పైగా తెల్లని రాళ్ళు తీసి, ఒక ఖాళీ మందు సీసాలో వేసి, మూతకు పేరు రాసి పెట్టారు.

ఇక పేరు సంగతి. నెత్తళ్ళన్నది ఒకే జాతి పేరు కాదు, దగ్గరి చుట్టాలైన అనేక జాతుల ఉమ్మడి పేరు. ఈ కుటుంబంలో ప్రపంచమంతటా నూట నలభైకి పైగా జాతులున్నాయి. మన తూర్పు తీరంలో దొరికేవాటిలో కాస్త పెద్దగా, పదిహేను సెంటీమీటర్ల దాకా పెరిగే జాతిని స్టోలెఫోరస్ ఇండికస్ అంటారు. స్టోలెఫోరస్ అన్న మాటకు గ్రీకులో "ఉత్తరీయం ధరించినది" అని అర్థం. ఒంటి పక్కన మెరిసే ఆ వెండి చారను చూసి 1803లో ఫ్రాన్స్ దేశపు ప్రకృతి శాస్త్రవేత్త లాసెపేడ్ ఆ పేరు పెట్టాడు. పైపంచె వేసుకున్న చేప అని నేను చెప్పగానే పిల్లలకు అది ఇక మరపు రాని పేరయింది. ఇండికస్ అన్న రెండో మాటతో ఈ జాతిని 1823లో వర్ణించినవాడు వాన్ హాసెల్ట్ అనే డచ్చి యువకుడు. జావా దీవిలో జంతువులనూ మొక్కలనూ సేకరించడానికి తన స్నేహితుడు కూల్‌తో కలిసి వెళ్ళాడు. కూల్ 1821లో అక్కడే చనిపోయాడు. స్నేహితుడు పోయాక ఒంటరిగా పని కొనసాగించిన వాన్ హాసెల్ట్, ఈ చేపకు పేరు పెట్టిన ఆ 1823లోనే, ఇరవై ఆరేళ్ళ వయసులో తానూ జావాలోనే కన్నుమూశాడు. మనం గుప్పెళ్ళ కొద్దీ పులుసులో వేసే చేప పేరు వెనుక ఇంత దుఃఖం ఉందని తెలిశాక, ఆ పేరును నేను తరగతిలో కొంచెం నెమ్మదిగా పలుకుతున్నాను.

లాసెపేడ్ పారిస్‌లో పేరు పెట్టిన ఆ 1803 సంవత్సరంలోనే, లండన్‌లో ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలూ వర్ణనలూ అచ్చు వేయించాడు. మన రక్తపింజరి పాముకు ఇంగ్లీషులో ఎవరి పేరు ఉందో ఆ రస్సెలే ఇతడు. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, ప్రతి చేపకూ అక్కడి జాలరులు పలికిన తెలుగు పేరును తనకు వినిపించినట్టుగా రోమన్ అక్షరాల్లో రాసిపెట్టాడు. మా పొట్లంలో దొరికిన సావడ పేరు అలా ఆయన పుటల్లోకి ఎక్కి, తరువాత క్యూవియే అనే మహాశాస్త్రవేత్త చేతిలో పడి, ఆ చేప శాస్త్రనామంలో "సవల"గా ఇప్పటికీ నిలిచి ఉంది. తెలుగు మాట ఒకటి ప్రపంచమంతటి శాస్త్రవేత్తల నోట నానుతున్నదంటే పిల్లలు మొదట నమ్మలేదు. ఆ మాటను మోసుకుపోయింది పండితులు కాదు, పేరు కూడా తెలియని విశాఖ జాలరులు. ఇది నాకు చాలా సంతోషం కలిగించిన విషయం.

సంక్రాంతి సెలవుల్లో సముద్రానికి బయలుదేరాను. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరికి పోయే దారి ఇప్పుడు 67వ నంబరు జాతీయ రహదారి, అది కృష్ణపట్నం రేవు దాకా పోతుంది. వెలికొండలు దాటే ఆ దారి పొడవునా నేను పెన్న గురించే ఆలోచించాను. మా ఊరి పక్కన ఇసుకలో సన్నని పాయగా పారే ఆ ఏరు, గండికోట లోయలో నుంచి వచ్చి, సిద్ధవటం దాటి, సోమశిల మీదుగా ఇదే నెల్లూరు సీమకు వచ్చి సముద్రంలో కలుస్తుంది. వానలు బాగా కురిసిన ఏట మా పొలాల మీది ఒండ్రునూ సారాన్నీ ఏరు మోసుకుపోయి తీరపు నీటికి అందిస్తుంది. ఆ సారంతో నీటిలో కంటికి కనిపించని మొక్కలు పెరుగుతాయి, వాటిని తిని కోపిపాడ్‌ల వంటి చీమతలంత జీవులు పెరుగుతాయి, వాటిని నెత్తళ్ళు తింటాయి. అందుకే ఈ చేపలు లోతు సముద్రానికి పోకుండా తీరానికి దగ్గరగా, నదీముఖాల పరిసరాల్లో, గుంపులుగా తిరుగుతాయి.

మైపాడు ఒడ్డున తెల్లవారుజామున అలివి వల లాగుతున్నారు. రెండు వైపులా పదేసి మంది తాడు పట్టుకుని, ఒక పాట లాంటి కేకకు అడుగులు కలుపుతూ, వెనక్కి నడుస్తున్నారు. గంటకు పైగా లాగాక వల సంచి ఒడ్డుకు వచ్చింది. అందులో నేను చూసిన నెత్తళ్ళకూ, నలభై ఏళ్ళుగా నాకు తెలిసిన నెత్తళ్ళకూ పోలికే లేదు. సముద్రపు నీరు ఉన్న ప్లాస్టిక్ తొట్టెలో కొన్నింటిని వేస్తే, వాటి ఒళ్ళు గాజులా ఉండి, వెన్నెముక, దాని పక్కన పొట్టలోని పేగులు నీడల్లా కనిపించాయి. ఆ గాజు ఒంటి మీద వెండి చార ఒక్కటే వెలుగుతోంది. చేప పక్కకు తిరిగినప్పుడల్లా అది మెరిసి ఆరిపోతోంది. చర్మంలో పలకల్లా పేర్చుకున్న గ్వానిన్ స్ఫటికాలు అద్దాల్లా పనిచేసి వెలుతురును తిప్పికొట్టడం వల్ల ఆ మెరుపు వస్తుంది. కింద నుంచి చూసే వంజరానికీ, పై నుంచి చూసే సముద్రపు పక్షికీ ఈ చేప అటు నీరుగానో ఇటు మెరుపుగానో కనిపించి కన్ను చెదిరిపోతుంది. అంత చేసినా నెత్తలిని తినని జీవి తీరంలో లేదనే చెప్పాలి. వంజరం, సావడ, కణవ, పక్షులు, అన్నీ దాని మీద ఆధారపడినవే.

ఆ మెరుపు అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. పొలుసులు చేతికి తగిలితే చాలు రాలిపోతాయి. ఒళ్ళు గాజు నుంచి పాల రంగుకు తిరుగుతుంది, చార మసకబారుతుంది. అవి నోరు తెరిచి ఈదడం ఆ కొద్దిసేపట్లోనే చూడగలిగాను. ఆ పెద్ద నోరు ఎందుకో అప్పుడు అర్థమైంది. అవి నోరు బార్లా తెరిచి నీటిని లోపలికి తీసుకుని మొప్పల గుండా వదులుతుంటాయి. మొప్పల లోపలి వైపు దువ్వెన పళ్ళ వంటి వరుసలు ఉండి, నీరు పోయి ఆహారం మిగిలేలా జల్లెడ పడతాయి. మా అవ్వ చాటతో చెరిగినట్టు ఈ చేప సముద్రాన్ని దువ్వెనతో జల్లిస్తుందన్నమాట.

ఒడ్డున చేపలు ఏరుతున్న ఒకామెను, "అక్కా, వీటిలో గుడ్లున్నవి ఉంటాయా?" అని అడిగాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, కుప్పలో చేయి పెట్టి, పొట్ట ఉబ్బిన ఒక నెత్తలిని తీసి, బొటనవేలితో మెల్లగా నొక్కింది. లేత పసుపు రంగు గుడ్ల ముద్ద బయటికి వచ్చింది. "దీన్ని అడిగేదానికి అంత దూరం నుంచి వచ్చినావా అన్నా?" అంది. అవునన్నాను. కడపలో నా విద్యార్థి అడిగిన ప్రశ్న ఆమెకు చెప్పాను. ఆమె నవ్వలేదు. ఇంకా నాలుగు గుడ్లున్న చేపలను వెతికి తెచ్చి, చేపలు కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంతో నేను తీసుకుపోయిన సీసాలో తానే వేసింది. వేలెడు చేప కడుపులో గుడ్లుంటే అది పిల్ల చేప ఎలా అవుతుంది? నాకు కావలసిన సమాధానం దొరికింది.

ఆ పగలంతా చేపలు ఎండబెట్టే చోట కూర్చున్నాను. నెత్తళ్ళను ఎక్కువగా ఉప్పు పట్టించకుండా, పట్టించినా కొద్దిగా పట్టించి, నేరుగా ఇసుక మీదనే పలుచగా పరుస్తారు. చేప చిన్నది, పలుచనిది కాబట్టి మంచి ఎండ ఉంటే ఒకటి రెండు రోజుల్లో ఎండిపోతుంది. మూడు నాలుగు కిలోల పచ్చి చేప ఎండితే కిలో అవుతుంది, మిగిలినదంతా నీరే. మా అవ్వ నాలుగైదు నీళ్ళు పోసి వదిలించిన ఇసుక ఇక్కడిదే. తీరం నిండా తిరిగే కుక్కలు, కాకులు, ఈగలు ఆ చేప మీదికే వస్తాయి. ఇసుక తడిగా ఉంటే అడుగు వైపు ఆరదు. దానికి బదులు నడుమెత్తు కర్రల మీద వల బిగించి, ఆ వల మీద ఆరబెడితే గాలి రెండు వైపులా తగిలి త్వరగా ఎండుతుంది, ఇసుక అంటదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ ఈ పద్ధతినీ, సౌరశక్తితో పనిచేసే ఆరబెట్టే యంత్రాలనూ చాలా కాలంగా సూచిస్తోంది. ఆ ఒడ్డున అలాంటి వల పరుపులు రెండు చోట్ల కనిపించాయి. అక్కడ ఎండిన చేప తేనె రంగులో శుభ్రంగా ఉంది. దానికి సంతలో ఎక్కువ ధర ఇచ్చేవారు ఉండాలి గదా అని ఆమె అంది. అది మన వైపు నుంచి జరగవలసిన పని. మనం కుప్పలో చేయి పెట్టి, ఇసుక లేనిదాన్ని అడిగి, దానికి తగిన ధర ఇస్తేనే అక్కడ వల పరుపులు పెరుగుతాయి.

దీన్ని గురించి నేనింత గట్టిగా చెప్పడానికి కారణముంది. నాలుగేళ్ళ కిందట పట్టణంలోని ఒక దుకాణంలో తెచ్చిన నెత్తళ్ళ పులుసు తిన్న అరగంటలోపే మా అమ్మకు ముఖమంతా ఎర్రబడి, ఒళ్ళు దురద పెట్టి, తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. వైద్యుడు ముందుగా అడిగింది ఏం తిన్నారనే. చేప పట్టిన తరువాత ఎండలో, ఐసు లేకుండా ఎక్కువసేపు ఉంచితే, దాని మాంసంలోని హిస్టిడిన్ అనే పదార్థాన్ని బాక్టీరియా హిస్టమిన్‌గా మారుస్తుంది. ఈ హిస్టమిన్ ఎండబెట్టినా పోదు, ఉడికించినా పోదు, మసాలా వేసినా పోదు. అంటే ఆ చేప మన పొయ్యి మీదికి రావడానికి ఎన్నో రోజుల ముందే, ఒడ్డునో లారీలోనో చెడిపోయి ఉంది. మందు వేసుకున్నాక ఆ సాయంత్రానికి అమ్మ కోలుకుంది. అప్పటి నుంచి పసుపు రంగు మీరి ఎర్రబడినవీ, నూనె చేదెక్కిన వాసన వచ్చేవీ, గుప్పెట్లో పట్టుకుంటే జిగటగా అంటుకునేవీ మా ఇంట్లోకి రానివ్వడం లేదు. నిల్వ ఉన్నవాటిలో చిన్న నల్లని పెంకుపురుగులు చేరితే అవి చేపను లోపలి నుంచి తినేసి పొడి చేస్తాయి. వానాకాలంలో కొన్నవాటిని ఇంటికి తెచ్చాక ఒక పూట ఎండలో పెట్టి, గాలి చొరని డబ్బాలో ఉంచడం అవసరం.

మంచి నెత్తలి మాత్రం పేదవాడి ఇంటికి వచ్చిన భాగ్యమని నా అభిప్రాయం. పెద్ద చేపలో మనం మాంసం తిని ఎముకలు పారేస్తాము. నెత్తలిని ఎముకతో సహా నములుతాము కాబట్టి, ఆ ఎముకల్లోని సున్నం, భాస్వరం మన ఒంటికి అందుతాయి. ముల్లు తీసేపని లేదన్న మా అవ్వ మాటలో ఉన్న శాస్త్రం ఇదే. పాలు కొనలేని ఇంట్లో సున్నానికి ఇంతకంటే సులువైన దారి లేదు. మాంసకృత్తులు, ఇనుము, బి12 విటమిన్ కూడా ఇందులో పుష్కలంగా ఉంటాయి. రాగిలోనూ సున్నం ఎక్కువే కాబట్టి, సంగటినీ నెత్తళ్ళ పులుసునూ కలిపిన మన పెద్దల తిండి ఎముకలకు బలమైన తిండి. అయితే ఉప్పు పట్టించిన చేప రక్తపోటు ఉన్నవారికీ, ఈ చిన్న చేపలు గౌట్ అనే కీళ్ళ జబ్బు ఉన్నవారికీ మితంగా ఉండడం మంచిది.

ఈ భాగ్యం మన సంతలకు ఎన్నాళ్ళు వస్తుందన్నది నన్ను కలవరపెడుతున్న విషయం. చిన్న చేపలను పిండి చేసి రొయ్యల మేతలోనూ కోళ్ళ దాణాలోనూ కలుపుతారు. నెల్లూరు సీమ రొయ్యల చెరువులకు పేరు పొందినది. మనిషి నేరుగా తినగల చేపను పిండి చేసి, దాన్ని మేపి పెంచిన రొయ్యను ఎగుమతి చేస్తే, నడుమ పోయేది సంగటి పక్కన ఉండవలసిన పులుసు. ఈ దారిలో ఎంత దూరం పోవచ్చో పెరూ దేశం చూపించింది. అక్కడి నెత్తలిని, మన నెత్తలికి దగ్గరి చుట్టాన్ని, 1970లో ఒక్క ఏడాదిలో 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టారు. దాదాపు అంతా చేపపిండి కోసమే. 1972లో ఎల్ నినో వచ్చి పసిఫిక్ నీరు వేడెక్కి, అడుగు నుంచి పైకి వచ్చే సారవంతమైన చల్లని నీరు తగ్గిపోయింది. అప్పటికే మితిమీరి పట్టి ఉండడంతో చేప కుప్పకూలింది. 1973లో అందులో అయిదో వంతు కూడా దక్కలేదు. క్రిస్మస్ రోజుల్లో వచ్చే వెచ్చని నీటికి బాలయేసు పేరు మీద ఎల్ నినో అని పేరు పెట్టింది ఆ తీరపు జాలరులే. ఆ 1972లోనే మన దేశంలో వానలు ముఖం చాటేసి పెద్ద కరువు వచ్చింది. పెరూ ఒడ్డున చేపలు లేక పడవలు ఆగిపోవడానికీ, మన బీళ్ళు ఎండిపోవడానికీ వెనుక ఒకే సముద్రపు వేడి ఉంది. మా అవ్వ ఆ కరువును తలచుకున్నప్పుడల్లా, సంతలో ఏమీ లేకపోయినా ఒట్టి చేపలు దొరికేవని చెప్పేది.

నెత్తలి ఏడాదిలోనే గుడ్లు పెట్టే చేప కాబట్టి, ఊపిరి తీసుకోనిస్తే త్వరగా కోలుకుంటుంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిలిపివేసేది అందుకే. రాత్రిపూట బలమైన దీపాలు వెలిగిస్తే ఈ గుంపులు వెలుగు దగ్గరకు వచ్చి చేరతాయి. అలా దీపాలతో వేటాడడాన్ని కేంద్ర ప్రభుత్వం 2017లో నిషేధించింది. ఇవి రెండూ అవసరమైన పనులేనని నేను నమ్ముతున్నాను. వాటికి తోడు సన్నకంటి వలలో పడే సావడ పిల్లలనూ కార పిల్లలనూ తగ్గించే ఉపాయం కూడా కావాలి. మా తరగతి వేరుచేసిన ఆ పిడికెడు కుప్ప నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

సెలవులు ముగిసి పాఠశాల తెరిచిన రోజున ఫార్మలిన్ సీసా తీసుకుపోయాను. ఒక చేపను నీటితో బాగా కడిగి, పొట్ట చీల్చి, గుడ్లను గాజు పలక మీద పరిచి, ప్రశ్న అడిగిన పిల్లవాడిని ముందుగా పిలిచి భూతద్దం ఇచ్చాను. నెత్తళ్ళ గుడ్డు మామూలు చేపగుడ్డులా గుండ్రంగా ఉండదు, కోలగా సాగి ఉంటుంది. సముద్రంలో అయితే అది నీటిలో తేలుతూ ఉండి, ఒక రోజుకు అటూ ఇటూగా పొదగబడుతుంది. ఈ సంగతి నేను చెప్పకముందే అతడు ఒంటి కన్ను మూసుకుని చాలాసేపు చూసి, "సార్, ఇవి బియ్యపు గింజల మాదిరి ఉండాయి సార్" అన్నాడు. పక్కనున్నవారు నెట్టుకుంటూ వంగి చూశారు. అతడు భూతద్దం ఎవరికీ ఇవ్వకుండా, గుండుసూది మొనతో ఒక్కొక్క గుడ్డునూ పక్కకు జరుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గంట కొట్టేసరికి రెండు వందలు దాటాయి, పలక మీద ఇంకా చాలా మిగిలి ఉన్నాయి.